అమెరికా మెడికల్ సీటు: ఏడు నెలలైనా ఇంటర్వ్యూ కబురు లేదు.. తెలుగు ఇళ్లలో టెన్షన్, అసలు ఈ మౌనానికి అర్థమేంటి?

జనవరి సగం గడిచింది. అమెరికాలో 2026 ఆగస్టులో మెడికల్ కాలేజీలో చేరాలనుకుంటున్న పిల్లలు గత జూన్‌లోనే అప్లికేషన్లు పెట్టేశారు. అంటే ఏడు నెలలైపోయింది. కొందరికి నాలుగైదు ఇంటర్వ్యూలు అయిపోయి, సీటు కూడా చేతికొచ్చింది. ఇంకొందరికి మాత్రం ఒక్క కాలేజీ నుంచి కూడా పిలుపు రాలేదు. ఇస్తామనీ చెప్పరు, ఇవ్వమనీ చెప్పరు. రోజుకు పదిసార్లు మెయిల్ తెరిచి చూసుకోవడం, స్పామ్ ఫోల్డర్ వెతుక్కోవడం తప్ప చేసేదేం లేదు. డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా, బే ఏరియా.. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ప్రతి ఊళ్లోనూ ఈ సీజన్‌లో ఇదే కథ.

ఇందులో పిల్లల టెన్షన్ ఒక ఎత్తు, తల్లిదండ్రుల అయోమయం మరో ఎత్తు. ఎందుకంటే వీళ్లలో చాలామంది ఎంసెట్ రోజుల్లో చదువుకున్నవాళ్లు. పరీక్ష రాయాలి, ర్యాంకు రావాలి, కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. వాళ్లకు తెలిసిన దారి అదే. అమెరికా పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆ తేడా అర్థం కాకపోవడంతో నిరీక్షణను తప్పుగా చదువుతున్నారు. కొందరు లేనిపోని ఆశ పెట్టుకుంటున్నారు, కొందరు అనవసరంగా కుంగిపోతున్నారు.

ర్యాంకు లేని చోట ఏం చూసి అంచనా వేయాలి?

మన దగ్గర నీట్ సంగతి తీసుకుందాం. 2025లో మే 4న పరీక్ష జరిగింది, జూన్ 14న ఫలితాలొచ్చాయి. 22 లక్షల మందికి పైగా పోటీ పడ్డారు. ఆరు వారాల్లో ఎవరి ర్యాంకు ఎంతో తేలిపోయింది. ఆ తర్వాత విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ మొదలుపెట్టేలోపే పోయినేడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగిపోయాయో చూసుకుని, మనకెక్కడ వస్తుందో లెక్కేసుకుంటారు. ఇక్కడా ఎదురుచూపులు లేవని కాదు. 2024లో పేపర్ లీక్ గొడవ సుప్రీంకోర్టుకు వెళ్లి, మళ్లీ పరీక్ష అక్కర్లేదని జూలై 23న తేలేదాకా లక్షల మంది ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. కానీ ఎంత గొడవ జరిగినా చేతిలో ఓ నంబర్ ఉంటుంది. దాన్ని పట్టుకుని మాట్లాడుకోవచ్చు.

అమెరికాలో ఆ నంబర్ ఉండదు. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, దానికి 528 మార్కులు. డిగ్రీలో జీపీఏ ఉంది. సీటు వచ్చినవాళ్ల సగటు చూస్తే ఎంక్యాట్ 511 దాటి ఉంటుంది, జీపీఏ 3.7కు పైనే. అయితే ఇవి తలుపు దాకా తీసుకెళ్తాయి, లోపలికి పంపవు. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ లెక్కలే చూడండి.. 3.8 స్థాయి జీపీఏ, 517 దాటిన ఎంక్యాట్ ఉన్నవాళ్లలోనూ అయిదారుగురిలో ఒకరికి ఎక్కడా సీటు రావట్లేదు. మన లెక్కలో వీళ్లు టాప్ ర్యాంకర్లు! ఇలాంటి పిల్లాడికి సీటు రాలేదంటే హైదరాబాద్‌లో ఉన్న తాతయ్యకు నచ్చజెప్పడం ఎవరివల్లా కాదు.

మొత్తంగా చూసినా పోటీ తీవ్రంగానే ఉంది. 2024లో దాదాపు 52 వేల మంది ఎండీ కోర్సుకు అప్లై చేస్తే చేరింది 23 వేల మంది. సగం మందికి పైగా ఇంటికే. ఈ 52 వేల మందీ ఒక్క కాలేజీకి పెట్టి ఊరుకోరు, ఒక్కొక్కరు సగటున 18 కాలేజీలకు పెడతారు. అందుకే కొన్ని ప్రైవేటు కాలేజీలకు 10 వేలకు పైగా అప్లికేషన్లు వస్తున్నాయి. సీట్లు మాత్రం వంద, నూట యాభై. ఇంటర్వ్యూకు పిలిచేది కొన్ని వందల మందిని. ఆ జల్లెడ పట్టడానికే నెలలు పడుతోంది.

సెకండరీ వచ్చిందని సంబరపడితే..

తెలుగు కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అప్లికేషన్ రెండు దశల్లో ఉంటుంది. మొదట ఆమ్కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు. మొదటి కాలేజీకి 175 డాలర్లు, ఆ తర్వాత ప్రతి కాలేజీకీ 45 డాలర్లకు పైనే. 20 కాలేజీలకు పెడితే వెయ్యి డాలర్లు దాటుతుంది. మార్కుల తనిఖీకి రద్దీ సమయంలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత ఒక్కో కాలేజీ నుంచి 'సెకండరీ' వస్తుంది. అంటే ఇంకొన్ని వ్యాసాలు రాయాలి, ఇంకో ఫీజు కట్టాలి. కాలేజీని బట్టి 50 నుంచి 150 డాలర్ల దాకా.

సెకండరీ రాగానే ఇంట్లో పండగ వాతావరణం. "మావాడు రెండో రౌండ్‌కి వెళ్లాడు" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తారు. నిజానికి చాలా కాలేజీలు అప్లై చేసిన వాళ్లందరికీ, లేదా దాదాపు అందరికీ సెకండరీ పంపేస్తాయి. అప్లికేషన్‌ను ఎవరూ సరిగ్గా తెరిచి చూడకముందే ఫీజు అడిగేస్తాయన్నమాట. అసలు వడపోత ఆ తర్వాతే మొదలవుతుంది. ఇంటర్వ్యూ పిలుపు వస్తేనే కాలేజీ నిజంగా ఆసక్తి చూపించినట్టు. అది వచ్చేదాకా రెండో రౌండ్, మూడో రౌండ్ అంటూ ఏమీ లేదు.

ఇలా ఒక్కో కుటుంబం రెండు మూడు వేల డాలర్లు ఖర్చు పెట్టాక మౌనం మొదలవుతుంది. ఈ డబ్బు తీసుకున్న కాలేజీకి కనీసం "మీ ఫైల్ చూశాం, ఇంటర్వ్యూకు పిలవట్లేదు" అని ఒక్క మెయిల్ కొట్టడానికి ఏం అడ్డమొచ్చింది? కొన్ని కాలేజీలు సెప్టెంబర్, అక్టోబర్‌లోనే సూటిగా చెప్పేస్తున్నాయి. బాధ కలిగినా పిల్లలు ఆ కాలేజీ మీద ఆశ వదిలేసి ముందుకెళ్తారు. మరికొన్ని కాలేజీలు మాత్రం మార్చి, ఏప్రిల్ దాకా ఏమీ తేల్చవు. ఎవరైనా మంచి అభ్యర్థి వేరే చోట చేరిపోతే ఆ ఖాళీలోకి లాగడానికి వెనకాల ఓ గుంపును ఉంచుకోవడం వాటికి సౌకర్యం. ఆ సౌకర్యానికి మూల్యం మాత్రం 21, 22 ఏళ్ల పిల్లలు చెల్లిస్తున్నారు.

ఏ నెలలో మౌనం దేనికి సంకేతం?

అన్ని మౌనాలూ ఒకటి కాదు. ఆగస్టు, సెప్టెంబర్‌లో పిలుపు రాకపోతే కంగారు పడాల్సింది ఏమీ లేదు, అప్పటికి ఇంటర్వ్యూలు మొదలవుతున్నాయంతే. అక్టోబర్ 15 మొదటి మైలురాయి. మామూలుగా ఎండీ కాలేజీలు ఆ తేదీకి ముందు సీటు ఆఫర్ ఇవ్వకూడదు. ఆ రోజు పొద్దున్నుంచి కొందరి ఇళ్లలో స్వీట్లు పంచుతుంటారు, పక్కింట్లో నిశ్శబ్దం. చాలా కాలేజీలు రోలింగ్ పద్ధతిలో వెళ్తాయి. అంటే ఇంటర్వ్యూలు చేస్తూనే సీట్లు నింపుకుంటూ పోతాయి. కాబట్టి ఆలస్యమయ్యేకొద్దీ మిగిలే సీట్లు తగ్గుతాయన్నది నిజమే. అయితే హార్వర్డ్, యేల్ లాంటివి అలా కాదు, అందరి ఇంటర్వ్యూలూ పూర్తయ్యాక మార్చిలో ఒకేసారి చెప్తాయి. అక్కడ సెప్టెంబర్ ఇంటర్వ్యూకీ జనవరి ఇంటర్వ్యూకీ పెద్ద తేడా ఉండదు.

నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్, ఆ తర్వాత క్రిస్మస్ సెలవులు. అడ్మిషన్ ఆఫీసులే మూతపడతాయి. ఆ వారాల్లో మెయిల్ రాలేదని ఏడవడంలో అర్థం లేదు. జనవరిలో ఇంకో విడత పిలుపులు వెళ్తాయి. ఫిబ్రవరి, మార్చిలో కూడా కొన్ని కాలేజీలు ఇంటర్వ్యూలు చేస్తాయి కానీ అవి కొద్దే, వాటిలో కొన్ని వెయిట్‌లిస్టు కోసమే. కాబట్టి జనవరి నెలాఖరుకు ఒక్క పిలుపూ లేదంటే ఈ ఏడాది సీటు కష్టమనే అనుకోవాలి. అసాధ్యమని కాదు. అలాగని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని వచ్చే ఏడాది ఏర్పాట్లు ఆపేసుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

టెక్సాస్‌లో లెక్క వేరు. అక్కడి కాలేజీలకు సొంత దరఖాస్తు వ్యవస్థ ఉంది, ఎన్ని కాలేజీలకు పెట్టినా ఒకే ఫీజు. రాష్ట్ర మెడికల్ కాలేజీలు బయటి రాష్ట్రాల వాళ్లను 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టమే ఉంది. ఫ్రిస్కో, ఇర్వింగ్, కేటీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది పెద్ద వరం. అక్టోబర్ మధ్య నుంచి ముందస్తు ఆఫర్లు వెళ్తాయి. ఇంటర్వ్యూలు దాదాపు జనవరితో ముగుస్తాయి, ఫిబ్రవరిలో మ్యాచ్ ఫలితాలు వస్తాయి. బాగుందో బాగాలేదో గానీ, త్వరగా తేలిపోతుంది. మిగతా రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ కాలేజీలు సొంత రాష్ట్రం పిల్లలకే పెద్ద పీట వేస్తాయి. అందుకే కాలిఫోర్నియాలో ఉంటూ పేరు చూసి ఎక్కడో దూరపు రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీలకు పెట్టి ఎదురుచూసేవాళ్లు, నిజానికి మొదట్నుంచీ చాలా తక్కువ అవకాశం ఉన్న చోట ఎదురుచూస్తున్నారు.

పేరెంట్స్ ఫోన్ చేస్తే పనవుతుందా?

అవ్వదు. పైగా చెడే అవకాశమే ఎక్కువ. అడ్మిషన్ ఆఫీసులు అభ్యర్థితోనే మాట్లాడతాయి. మనూళ్లో తెలిసినవాళ్ల చేత ఒక మాట చెప్పించే అలవాటు అక్కడ పనికిరాదు. కొత్తగా ఏదైనా రీసెర్చ్ పేపర్ అచ్చయినా, సెమిస్టర్ మార్కులొచ్చినా, హాస్పిటల్‌లో కొత్త బాధ్యత దొరికినా, అప్‌డేట్లు తీసుకునే కాలేజీలకు పిల్లలే క్లుప్తంగా రాసుకోవచ్చు. తీసుకోమని వెబ్‌సైట్‌లో చెప్పిన కాలేజీకి పంపితే, సూచనలు చదవని అభ్యర్థి అని వాళ్లే అనుకుంటారు.

పిలుపు వచ్చాక ఇంటర్వ్యూ కూడా మనం ఊహించినట్టు ఉండదు. సబ్జెక్టు ప్రశ్నలు దాదాపు ఉండవు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ పద్ధతిని చాలా కాలేజీలు వాడుతున్నాయి. ఒక్కో స్టేషన్‌లో ఏడెనిమిది నిమిషాలు. తోటి విద్యార్థి కాపీ కొట్టడం చూశావు, ఏం చేస్తావు? కోపంగా ఉన్న పేషెంట్ బంధువుతో ఎలా మాట్లాడతావు? ఇలా సాగుతుంది. మామూలు ఇంటర్వ్యూలోనైతే డాక్టరే ఎందుకు కావాలనుకుంటున్నావు అన్నది తప్పదు. "మా నాన్నగారి కోరిక" అన్న జవాబు ఇక్కడ చెల్లదు. తెలిసిన డాక్టర్ అంకుల్ క్లినిక్‌లో రెండు వారాలు కూర్చుని షాడోయింగ్ అయిందనిపించిన పిల్లలు దొరికిపోయేదీ ఇక్కడే. కోవిడ్ తర్వాత చాలా ఇంటర్వ్యూలు జూమ్‌లోకి మారడంతో విమానం టికెట్లు, హోటల్ ఖర్చు మాత్రం కలిసొచ్చాయి.

హెచ్-4 పిల్లలకు అసలు గండం

ఇప్పటిదాకా చెప్పిందంతా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న పిల్లల సంగతి. రెండేళ్లప్పుడో అయిదేళ్లప్పుడో అమ్మానాన్నలతో అమెరికా వచ్చి, అక్కడే ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివి, ఇంకా వీసా మీదే ఉన్న తెలుగు పిల్లల పరిస్థితి వేరు. తండ్రి హెచ్-1బీ, పిల్లలు హెచ్-4. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయుల క్యూ పదేళ్లు దాటి వెనకే ఉంది. 21 ఏళ్లు నిండగానే పిల్లలు హెచ్-4 నుంచి బయటికొచ్చేయాలి. ఎక్కువ మంది ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు మారుతున్నారు.

మెడికల్ కాలేజీల దృష్టిలో వీళ్లు 'విదేశీ విద్యార్థులు'. చాలా ప్రభుత్వ కాలేజీలు పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల అప్లికేషన్లే చూస్తామని ముందే చెప్పేస్తాయి. తీసుకునే కొన్ని ప్రైవేటు కాలేజీల్లోనూ ఫెడరల్ లోన్ దొరకదు. కొన్నయితే రాబోయే సంవత్సరాల ఫీజుకు సరిపడా డబ్బు ముందే చూపించమని, విడిగా ఖాతాలో పెట్టమని అడుగుతాయి. అంటే ఈ పిల్లలు 20 కాలేజీలకు పెట్టాలన్నా పెట్టే వీలుండదు. పక్క సీట్లో కూర్చుని అవే మార్కులు తెచ్చుకున్న స్నేహితుడికి ఆరు ఇంటర్వ్యూలొస్తే, వీళ్లకు రాని పిలుపు ప్రతిభకు సంబంధించింది కాదు. ఇంట్లోవాళ్లు ఈ ముక్క ముందే చెప్పకపోతే ఆ పిల్లలు తమనే తప్పుపట్టుకుంటారు.

ఇది చాలదన్నట్టు 2025 ఆగస్టు 15 నుంచి మరో మెలిక పడింది. పిల్లల వయసును 21 లోపు ఉన్నట్టు లెక్కించి కాపాడే చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం కింద ఇమిగ్రేషన్ విభాగం ఏ చార్టు చూడాలో మార్చేసింది. అంతకుముందు కాస్త ముందుండే 'ఫైలింగ్ తేదీల' చార్టును వాడుకునే వీలుండేది. ఇప్పుడు వెనకుండే 'ఫైనల్ యాక్షన్' చార్టే ఆధారం. దీంతో తల్లిదండ్రులకు కార్డు వచ్చేలోపు వయసు దాటిపోయే పిల్లలు ఇంకా పెరుగుతారు. ఒకవేళ సీజన్ మధ్యలో గ్రీన్ కార్డు చేతికొస్తే మాత్రం ఆలస్యం చేయకుండా అప్లై చేసిన ప్రతి కాలేజీకీ తెలియజేయాలి. కొన్ని చోట్ల దాంతో ఫైల్ మళ్లీ తెరుచుకునే అవకాశం ఉంటుంది.

సీటొచ్చినా డబ్బు ప్రశ్న.. ఈ బ్యాచ్‌కే మొదటి దెబ్బ

2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన బిల్లు విద్యా రుణాల రూపురేఖలు మార్చేసింది. మెడికల్ విద్యార్థులు కాలేజీ ఖర్చు మొత్తం మేర అప్పు తెచ్చుకునేందుకు వీలిచ్చిన గ్రాడ్ ప్లస్ లోన్ 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకు ఉండదు. ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లే. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఇప్పటికే ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటింది. మిగతాది సొంత డబ్బో, బ్యాంకులో ప్రైవేటు లోనో. ఆ లోన్‌కు తల్లిదండ్రుల పూచీ అడుగుతారు.

ఇక్కడే ఆలస్యపు కబురు నిజంగా దెబ్బ కొడుతుంది. అక్టోబర్‌లో సీటొచ్చిన కుటుంబానికి లోన్ చూసుకోవడానికి, స్కాలర్‌షిప్పులు పోల్చుకోవడానికి పది నెలలు ఉంటాయి. జూన్‌లో వెయిట్‌లిస్టు నుంచి పిలుపొచ్చిన కుటుంబానికి వారాలే ఉంటాయి. కాలేజీ స్కాలర్‌షిప్ సొమ్ము కూడా అప్పటికి చాలావరకు పంచేసి ఉంటారు. న్యూయార్క్ యూనివర్సిటీ, అల్బర్ట్ ఐన్‌స్టీన్ లాంటి ట్యూషన్ ఫీజు లేని కాలేజీలు ఉన్నాయి కదా అంటే, అందరి కళ్లూ వాటి మీదే.

ఇక డీఓ కాలేజీల మాట. ఆస్టియోపతిక్ మెడిసిన్ అనగానే తెలుగు తల్లిదండ్రులు మొహం అదోలా పెడతారు. రేపు పెళ్లి సంబంధాల్లో "ఎండీ కాదా?" అంటారేమోనన్నది కొందరి బెంగ! డీఓ చదివినవాళ్లూ అమెరికాలో పూర్తి స్థాయి డాక్టర్లే, సర్జరీలు చేస్తారు, మందులు రాస్తారు. 2020 నుంచి ఎండీలతో కలిపి ఒకే రెసిడెన్సీ మ్యాచ్‌లో పోటీ పడుతున్నారు. వాళ్ల అప్లికేషన్, ఇంటర్వ్యూ సీజన్ కూడా కాస్త ఆలస్యంగా దాకా నడుస్తుంది. ఎండీ వైపు జనవరి దాకా చడీచప్పుడు లేనివాళ్లు దీన్ని ముందే పెట్టుకుని ఉంటే చేతిలో ఒక దారి మిగిలేది. కరీబియన్ దీవుల కాలేజీలు అప్పటికప్పుడు సీటిస్తామంటాయి, వాటి సంగతి మాత్రం రెసిడెన్సీ ఫలితాలు చూసుకున్నాకే.

ఇక ముందు మిగిలిన తేదీలు ఇవీ.. మార్చి మధ్యకల్లా కాలేజీలు తమ సీట్లకు సరిపడా ఆఫర్లు ఇచ్చేసి ఉండాలన్నది ఏఏఎంసీ సూచన. ఏప్రిల్ 30కి, ఒకటి కంటే ఎక్కువ సీట్లు పట్టుకున్నవాళ్లు ఒక్కటే ఉంచుకుని మిగతావి వదిలేయాలి. వెయిట్‌లిస్టులు నిజంగా కదిలేది ఆ తర్వాతే, కొన్ని చోట్ల తరగతులు మొదలయ్యే వారం దాకా. అయితే వచ్చే ఏడాది బ్యాచ్‌కు ఆమ్కాస్ మే మొదట్లోనే తెరుచుకుంటుంది. వెయిట్‌లిస్టులో ఉన్న విద్యార్థి పాత కాలేజీ పిలుపు కోసం ఫోన్ పక్కన పెట్టుకునే, అదే కాలేజీకి కొత్త అప్లికేషన్ నింపడం మొదలుపెట్టాలి. మళ్లీ 175 డాలర్ల నుంచి.